మా కాలనీ కర్రీ పాయింట్: పప్పుకి నాలుగున్నర స్టార్లు, సాంబారుకి రెండు

ముందు పప్పు సంగతి. కర్రీ పాయింట్ ఎలాంటిదో తెలియాలంటే అక్కడ పప్పు కొని చూడాలి. వేపుడులో తప్పుల్ని నూనె కప్పేస్తుంది, మసాలా కూరలో కారం కప్పేస్తుంది. పప్పుకి ఆ వీలు లేదు. కందిపప్పు సరిగ్గా ఉడికిందా, ఆకుకూర బాగా కడిగారా, పోపు మాడిందా అన్నీ మొదటి ముద్దకే బయటపడతాయి. హైదరాబాద్‌లో వనస్థలిపురం రైతుబజారుకి నాలుగైదు వీధుల అవతల, ఒక మందుల షాపుకీ జిరాక్స్ షాపుకీ మధ్య ఇరుక్కుని ఉన్న ఈ కర్రీ పాయింట్‌లో పాలకూర పప్పు ఎప్పుడూ తేడా రాలేదు. వెల్లుల్లి దంచి వేస్తారు. గరిటె జారుగా ఉంటుంది కానీ నీళ్లోడదు. వేసవి మొదట్లో కొన్నాళ్లు చింతచిగురు పప్పు పెడతారు. ఆ రోజుల్లో ఏడున్నర దాటాక వెళ్తే మీకు కనిపించేది గిన్నె అడుగే.

షాపు పేరు రాయను. సాంబారు గురించి కింద రాయబోయేది ఓనరక్క చదివితే రేపటి నుంచి నాకు ముక్కల్లేని పులుసు పోస్తుంది.

నేను అమీర్‌పేటలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఎల్బీనగర్‌లో మెట్రో దిగి, బస్సో షేర్ ఆటోనో పట్టుకుని కాలనీకి చేరేసరికి ఏడు అవుతుంది, నెలాఖరులో ఎనిమిది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కి మెట్రో వచ్చాక ప్రయాణం తగ్గింది. ఇంటికొచ్చాక ఉండే రెండో డ్యూటీని మాత్రం మెట్రో ఏం చేయగలదు? దాన్ని తగ్గించింది ఈ షాపు. అందుకే ఈ రివ్యూ కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

రేట్లు: కూర ప్యాకెట్ 40, పప్పు 35, సాంబారు 30, పచ్చడి 30, చికెన్ 90. మా ఇంట్లో నలుగురం. ఒక పప్పు, ఒక వేపుడు, ఒక పచ్చడి తీసుకుంటే 105. అన్నం ఇంట్లో కుక్కర్‌లో పడేస్తాం. ఇవే ఇంట్లో చేస్తే? దొండకాయలు, కందిపప్పు, రెండు కట్టల పాలకూర, పచ్చడికి నాలుగు టమాటాలు, నూనె, పోపు సామాను, గ్యాస్ అన్నీ రాసి కూడితే 75 తేలింది. ఇల్లే గెలిచింది. మా ఆయన ఆ కాగితం చూసి, "రోజుకి ముప్పై, నెలకి దగ్గర దగ్గర తొమ్మిది వందలు" అన్నారు. ఆయనకి తీసివేతలు బాగా వచ్చు. నేను కాగితం వెనక్కి తీసుకుని కింద ఇంకో లైను రాశాను: లేబరు, గంటన్నర. షాపులో కూరగాయలు తరిగే ఆవిడకి ఎనిమిది గంటల పనికి రోజుకి 600 ఇస్తారని తెలుసు. అంటే గంటకి 75. గంటన్నరకి 112 రూపాయల 50 పైసలు. ఇప్పుడు ఇంటి పప్పూ కూరా 187.50 పడ్డాయి. "నీ పనికి కూడా కూలి కడతావా?" అన్నారు. కట్టాను. ఆఫీసులో నా సీటుకి ఖర్చు రాయకుండా బ్యాలెన్స్ షీట్ ఇస్తే మా ఆడిటర్ ఊరుకుంటాడా?

ఈ లైను నా సొంత తెలివి కూడా కాదు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో, ఉద్యోగం లేని గృహిణి చనిపోతే ఆమె ఆదాయాన్ని ఎలా లెక్కగట్టాలో మాట్లాడింది. జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయంలో 2019 టైమ్ యూజ్ సర్వే అంకెలున్నాయి, అంటే జనం ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో ప్రభుత్వం తీసిన లెక్క. ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తున్నారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు ఇంటి పని చేసే మగవాళ్లే ఆ సర్వేలో నూటికి 26 మంది. 2024లో మళ్లీ సర్వే చేస్తే ఆడవాళ్లవి 289కి వచ్చాయి, మగవాళ్లవి 88కి. మనకి పది నిమిషాలు తగ్గితే వాళ్లకి తొమ్మిది తగ్గాయి! ఆ నిమిషాలన్నీ ఏమయ్యాయో నాకు తెలియదు. మా ఇంటివి మాత్రం ఈ కౌంటర్ దగ్గర ఉన్నాయి.

కౌంటర్ దగ్గర నిలబడటం కూడా ఒక కాలక్షేపమే. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా రద్దీ. లైను ఉండదు, గుంపే. అందులో ఎవరు ఏమంటారో వినండి. నలభై దాటిన మగాయన వస్తే, "మా ఆవిడకి ఒంట్లో బాలేదు" అంటూ పర్సు తీస్తాడు. పాపం ఆవిడకి వారంలో మూడు రోజులు బాగోదు. నాలాంటి ఆడవాళ్లు వస్తే, "ఆఫీసులో లేటయిందండీ" అనో, "ఇవాళ పనమ్మాయి రాలేదు" అనో చెబుతారు. సాయంత్రం డ్యూటీకి వెళ్తూ యూనిఫాం మీదే వచ్చే ఒక నర్సమ్మాయి కూడా, "మామూలుగా నేనే వండుతాను ఆంటీ" అని నాకు చెప్పింది. నేనేం అడగలేదు. ఏ సంజాయిషీ లేకుండా కొనుక్కుపోయేది హాస్టల్ కుర్రాళ్లూ బ్యాచిలర్లూ మాత్రమే. ఒకరోజు ఉండబట్టలేక ఓనరక్కని అడిగాను, అందరూ మీకెందుకు చెబుతారు అని. ఆవిడ రబ్బరు బ్యాండు చుడుతూనే, "నేనెవ్వరినన్న అడిగిన్నా మేడం? ఏం కూర అంటే చెప్త, ఎంత అంటే చెప్త. గంతే" అంది. నేను ఇప్పుడు సాకు చెప్పడం మానేశాను. "ఒక పప్పు, ఒక దొండకాయ" అంటాను, అంతే.

దొండకాయ వేపుడు బాగుంటుంది, పల్లీలు ధారాళంగా వేస్తారు. బెండకాయ సోమవారం తీసుకోకండి, ముదురు. గుత్తివంకాయ శుక్రవారం. వంకాయ విడిపోకుండా, లోపలి కారం పచ్చివాసన లేకుండా వస్తుంది. మా ఊరి వైపు గుత్తివంకాయ కాదది, నువ్వులూ పల్లీలూ ఎక్కువ పడ్డ నల్గొండ పద్ధతి. నాకు ఇదే నచ్చుతోంది, ఆ మాట ఇంట్లో గట్టిగా అనను.

ఆ వంకాయ వెనక ఒక కథ ఉంది. మొదట్లో ఇక్కడ పొయ్యి దగ్గర ఒక మాస్టర్ ఉండేవాడు. ఓనరక్క కౌంటర్‌లో, ఆమె భర్త సరుకులకి, ఇద్దరు ఆడవాళ్లు తరగడానికీ తోమడానికీ. వంట రుచి గురించి మనకి నలభీమ పాకమనే అంటారు చూడండి, ఇద్దరూ మగవాళ్లే. ఇంట్లో ఊరికే చేసేదంతా ఆడవాళ్లు, డబ్బొచ్చే పొయ్యి దగ్గరకొచ్చేసరికి మగవాళ్లు. పెళ్లి వంటలైనా, హోటల్ అయినా అంతే. ఒక దసరాకి ఊరెళ్లిన మాస్టర్ తిరిగి రాలేదు. షాపు మూసేసే పరిస్థితి. అప్పుడు తరిగే ఆవిడల్లో ఒకామె, "నేను జేస్తనక్కా" అని నీలం సిలిండర్ పొయ్యి ముందుకి వెళ్లింది. ఆ వారంలోనే గుత్తివంకాయ మొదలైంది. మాస్టర్ ఉన్నప్పుడు దాని ఊసే లేదు, ఆయనవన్నీ ఒకటే ఎర్ర గ్రేవీ కూరలు.

ఇక్కడ నాలోని అకౌంట్స్ మనిషి మళ్లీ లేచింది. మాస్టర్‌కి రోజుకి 1,100 ఇచ్చేవారట. ఈమెకి 800. ఎందుకలా అని అడిగితే, "ఆయనకు బిర్యానీ వచ్చు కద" అంది ఓనరక్క. బిర్యానీ ఆదివారాలు ఆర్డర్ మీద చేసేవాడు, మిగతా ఆరు రోజులూ ఇవే కూరలు. నేను ఆ మాటే అన్నాను. ఆవిడ నవ్వి పక్కవాళ్లకి కూర కట్టింది. ఓనరూ ఆడమనిషే, వంటమనిషీ ఆడమనిషే, 300 తేడా మాత్రం అలాగే ఉంది. ఈ షాపుకి నేనిచ్చే స్టార్లలో ఒకటి ఇక్కడే తెగింది.

అయితే ఆ 600, ఆ 800 కూడా ఊరికే రాలేదు. తరిగేవాళ్లకి అంతకుముందు 450. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకి ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. వీళ్లిద్దరూ అబ్దుల్లాపూర్‌మెట్ వైపు నుంచి ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ మీద వస్తారు. ఓనరక్కకి అది తలనొప్పి. "బస్సు ఫ్రీ అయినంక వీళ్లను ఆపుడే కష్టమైంది. దిల్‌సుఖ్‌నగర్‌ల యాభై ఎక్కువిస్తమంటే అటు పోతరు" అంటుంది. ముందైతే ఆ యాభై బస్సు ఛార్జీకే పోయేది కాబట్టి దగ్గర్లో ఎంతిస్తే అంతకి చేసేవాళ్లు. ఇప్పుడు ఇంకో నాలుగు చోట్ల అడిగి చూసుకునే దారి దొరికింది. ఉచిత బస్సు మీద టీవీల్లో సీట్ల గొడవలే చూపించారు గానీ, ఒక కర్రీ పాయింట్‌లో కూలి పెరిగిన సంగతి ఎవరు చూపిస్తారు? ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఇదే వచ్చింది. తెనాలిలో మా ఆడపడుచు దాని మీద గుంటూరు చీరల షాపులన్నీ తిరిగేస్తోంది, అది వేరే ఖాతా.

ఓనరక్క గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఆవిడ పిసినారిదనుకుంటారు. షాపు మొదలైంది ఆవిడ మహిళా సంఘం లోనుతో. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కాగితం గోడకి ఫ్రేము కట్టి ఉంది, అందులో పేరు ఆవిడదే. కానీ మొదట్లో కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ భర్త ఖాతాది. డబ్బులు పడ్డాయని స్పీకర్ డబ్బా రోజంతా అరిచేది, పడేది ఆయన ఫోన్లో. లోను వాయిదా కట్టే రోజున ఈవిడ ఆయన్ని అడగాలి. కొన్నాళ్లు చూసి, బ్యాంకుకెళ్లి తన పేరు మీద కోడ్ తెచ్చి, పాతదాని మీదే అంటించేసింది. "ఏమన్నడు?" అని అడిగితే, "రెండు దినాలు మాట్లాడలే. మూడో దినం ఉల్లిగడ్డలకు పైసలు కావాలె గద, మాట్లాడిండు" అంది. అంచు దగ్గర పాత స్టిక్కర్ ఇంకా కొంచెం కనబడుతుంది, స్కాన్ చేసేటప్పుడు చూడండి.

సాయంత్రాలు ప్యాకెట్లు కట్టేది ఆవిడ కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు. కూతురు ఎప్‌సెట్ (పాత ఎంసెట్) కోచింగ్‌కి వెళ్తుంది. అబ్బాయి చేయి చాలా వేగం, వేడి సాంబారు కవర్‌కి గాలి నింపి ముడి వేయడం చూడాల్సిందే. క్లాసు అమ్మాయిలెవరైనా వీధి మలుపులో కనిపిస్తే మాత్రం గరిటె వదిలేసి లోపలికి పోతాడు. అప్పుడు మన కూర ఐదు నిమిషాలు లేటు.

పక్కనే ఒకామె జొన్నరొట్టెలు కొడుతుంది, అది వేరే వ్యాపారం, కానీ రెండూ కలిపి చూడాలి. రొట్టె 20 రూపాయలు. షుగరొచ్చిన వాళ్లంతా ఆమె చుట్టూ చేరతారు. అరచేత్తో తడుతూ తిప్పుతుంటే ఫోన్లు చూసుకునేవాళ్లు కూడా తలెత్తుతారు. రెండు రొట్టెలు, ఒక పాలకూర పప్పు, ఒక ఉల్లిపాయ. మా ఆయన రాత్రి భోజనం ఇప్పుడదే.

ఇక మా అత్తగారు. ఈ షాపు మీద అసలు రివ్యూ రాయాల్సింది ఆవిడే. డెబ్బై దాటాయి, తెనాలి మనిషి. చుట్టాల్లో ఆవిడకి పేరంటూ ఉంటే అది వంటకే. మొదటిసారి ప్యాకెట్లు తెచ్చినప్పుడు కవర్ విప్పి వాసన చూసి, "ఇంగువ లేదు" అని పక్కన పెట్టేశారు. నాకు అప్పట్లో ఒళ్లు మండింది. తర్వాత ఆలోచిస్తే, ఆవిడకి ఉద్యోగం లేదు, జీతం లేదు, చేతిలో ఉన్న ఒకే ఒక్క హోదా పొయ్యి. 40 రూపాయలకి అది వీధి చివర దొరుకుతోందంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. మెల్లగా మోకాళ్లు, స్టవ్ ముందు నిలబడలేకపోవడం ఆవిణ్ణి ఒప్పించాయి. ఇప్పుడు మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి, "ఇవాళ దోసకాయ పప్పు ఉందేమో కనుక్కో" అంటారు. రోటి పచ్చడి అని రాసిపెట్టినదాన్ని మాత్రం ఒక్క ముద్దతో పట్టేశారు: "రోలూ లేదు, రోకలీ లేదు, మిక్సీ." నిజమే. బీరకాయ పచ్చడి మెత్తటి పేస్టులా ఉంటుంది. బోర్డు మీద రోటి అనే మాట తీసేస్తే నాకేం అభ్యంతరం లేదు.

అత్తగారి కందిపొడి ఒకసారి ఓనరక్కకి ఇచ్చాను. ఆవిడ రుచి చూసి, పెద్దమ్మ చేసిస్తే షాపులో పెడతా, కిలోకి ఇంత ఇస్తా అంది. ఇంటికొచ్చి చెబితే అత్తగారు మొహం ముడిచి, "పొడులు అమ్ముకుంటామా మనం?" అన్నారు. సరే, వద్దన్నారు కదా అని వదిలేశాను. కానీ ఎలా చేస్తారని ఓనరక్క అడిగితే ఈవిడ ఫోన్లో అరగంట చెప్పారు. పప్పు ఏ రంగు వచ్చేదాకా వేయించాలి, జీలకర్ర ఎప్పుడు, వెల్లుల్లి పొట్టుతోనా తీసా, అన్నీ. ఇప్పుడు షాపులో ఆ కందిపొడి 100 గ్రాములు 60 రూపాయలు, బాగా పోతోంది. ఒకరోజు నేను కొని తెస్తే, "నా పొడి నాకే అమ్ముతోందా!" అని ఆ పూటంతా విసుక్కున్నారు. మరి డబ్బులు తీసుకోండత్తయ్యా, నేను మాట్లాడతా అంటే, "చెప్పినదానికి డబ్బులేమిటే, సిగ్గు లేకపోతే" అంటారు. ఓనరక్కతో అంటే, "పెద్దమ్మ తీస్కుంటనంటే రేపే ఇస్త" అంటుంది. ఇద్దరి మధ్యా ఈ ఎంట్రీ నా దగ్గర ఇంకా సస్పెన్స్ ఖాతాలోనే, అంటే ఎవరి పేరున రాయాలో తేలని పద్దుల్లోనే ఉంది.

ఇక నచ్చనివి. సాంబారు: చింతపండు పులుపు, సాంబారు పొడి వాసన, అడుగున నాలుగు మునక్కాడలు. పప్పు వెతుక్కోవాలి. అదే చేతులు అంత మంచి పప్పు చేస్తూ సాంబారు ఇలా ఎందుకు చేస్తాయో అర్థం కాదు. చలికాలం పచ్చిపులుసు పెడతారు, దానికి ఐదుకి ఐదు, ఆ రోజుల్లో సాంబారు జోలికి పోకండి. చికెన్ పర్వాలేదు, 90కి ముక్కలు తక్కువ. పనీర్, మష్రూమ్, జీడిపప్పు కూరలకి ఇప్పటికీ మాస్టర్ కాలం నాటి ఒకటే గ్రేవీ.

నూనె సంగతి కాస్త సీరియస్. వేపుళ్లకి పొద్దున వాడిన నూనె సాయంత్రానికీ వాడుతున్నారేమోనని నాకు అనుమానం, ఆలుగడ్డ వేపుడు రాత్రిపూట రంగు ముదురుగా వస్తోంది. నూనె మళ్లీ మళ్లీ కాచేకొద్దీ అది చెడి అందులో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా నిబంధన 2018 నుంచి ఉంది. వీధి షాపులో దాన్ని కొలిచేదెవరు? నేను రాత్రి వేపుడు తీసుకుంటే దొండకాయే తీసుకుంటాను, అది మూకుడులో మగ్గించేది, నూనెలో ముంచేది కాదు.

కవర్లు ఇంకో గొడవ. 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీబ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. ఇక్కడ ప్యాకెట్లన్నీ కలిపి ఇచ్చే సంచి వేలితో పొడిస్తే చిరుగుతుంది. పైగా మరిగే సాంబారు ప్లాస్టిక్‌లో పోయడం నాకు మనసొప్పదు. స్టీల్ క్యారియర్ తీసుకెళ్లండి. తూకం లేదు కాబట్టి గిన్నె చూసి పోస్తారు, ప్యాకెట్ కంటే ఒక గరిటె ఎక్కువే పడుతుంది. ఆఫీసు బ్యాగులో క్యారియర్ మోసుకెళ్లడానికి మొదట మొహమాటపడ్డాను, మెట్రోలో చెకింగ్ దగ్గర ఖాళీ గిన్నెలు చూసి సెక్యూరిటీ అమ్మాయి నవ్వింది. నవ్వనివ్వండి.

పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 2 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా. పప్పు, పచ్చడి కావాలంటే ఏడున్నరలోపు వెళ్లండి, ఎనిమిది తర్వాత గ్రేవీ కూరలే మిగులుతాయి. ఫోన్ చేస్తే ప్యాకెట్ పక్కన పెడతారు, కానీ బోర్డు మీద నంబరు ఇంకా భర్తదే, ఆయన ఎత్తడు. రసీదు మీద ఉన్న రెండో నంబరుకి చేయండి. మా ఇంటి పేరు మీద సాయంత్రం ఆర్డర్ ఉంటే అది మా ఆయన తీసుకెళ్తారు, ఈ మధ్య ఆ పని ఆయనకిచ్చాను. "మా ఆవిడకి ఒంట్లో బాలేదు" అని ఎవరైనా అంటుంటే విని కంగారు పడకండి, నేను ఆఫీసులో ఉంటాను.